పాడె మీద ఇంద్రధనుస్సు గుర్రం

శనివారం పొద్దున్న ఆరు. హైదరాబాద్‌లో మా వీధిలోకి పాలవాడు కూడా ఇంకా రాలేదు. డాలస్‌లో మా బావమరిదికి శుక్రవారం రాత్రి ఏడున్నర. ఇద్దరికీ కుదిరే టైము అదొక్కటే కాబట్టి రెండేళ్లుగా వారానికోసారి ఆ వేళకి ఒక ఆన్‌లైన్ ఫాంటసీ ఆటలో కలుస్తాం. ఆట పేరు చెప్పను, ఎందుకంటే నా గొడవ ఆ ఒక్క ఆటతో కాదు. సర్వర్ అమెరికాలో ఉంది. పింగ్, అంటే నా మాట సర్వర్‌కి పోయి జవాబు రావడానికి పట్టే సమయం, 260 మిల్లీసెకన్ల దాకా వస్తుంది. నేను కత్తి దించిన పావు సెకనుకి గాని రాక్షసుడికి ఆ సంగతి తెలియదు. అయినా అలవాటైపోయింది.

ఆ రోజు ఒక పాత కథ ముగింపుకొచ్చాం. నెలల తరబడి మమ్మల్ని కొండలూ గుట్టలూ తిప్పిన ముసలి దళపతి చనిపోయాడు. శవాన్ని వంతెన మీదుగా నది అవతలి గుట్టకి మోసుకుపోతున్నారు. వాన పడుతోంది. ఆ సీను మీద ఎవరో చాలా రాత్రులు కూర్చున్నారని చూడగానే తెలుస్తుంది. కాగడాల మీద చినుకులు పడి చిటపటమంటున్నాయి. మోసేవాళ్లలో వెనక ఎడమవైపువాడి కాలు ఒకసారి జారుతుంది, ముందువాడు తిరిగి చూడకుండానే భుజం సర్దుకుంటాడు. తడిసిన చెక్కల మీద కాగడా వెలుగు సాగి, వణికి, ఆరిపోతుంది. దళపతి కూతురు పాడె పక్కన నిలబడి మాట్లాడటం మొదలుపెట్టింది.

అప్పుడు వచ్చింది అది. గుర్రమో నెమలో చెప్పలేను. ఒళ్లంతా గులాబీ రంగు, రెండు రెక్కలకీ నీలం మంట, డెక్క పడ్డచోటల్లా నక్షత్రాలు, తోక వెనక నాలుగు బారల ఇంద్రధనుస్సు. వచ్చి తిన్నగా పాడె మీద నిలబడింది. ఆటలో వస్తువులు ఒకదానికొకటి అడ్డుపడవు కదా, శవం దాని కడుపులోంచి బయటికొచ్చి కనిపిస్తోంది. ఎవరో ఇంకో ఆటగాడు ఆట స్టోర్‌లో డబ్బు పెట్టి కొన్న గుర్రం అది. పైన ఎక్కిన వాడు ఈతకి పోతున్నట్టు లాగు వేసుకుని తలకి కుందేలు చెవులు పెట్టుకున్నాడు. ఆ వెలుగుకి కాగడాలు వెలవెలబోయాయి. చినుకులన్నీ గులాబీ రంగుకి తిరిగాయి. కూతురు ఏం చెప్పిందో నాకు ఇప్పటికీ తెలియదు.

కాఫీ ఇవ్వడానికి వచ్చిన అమ్మ నా భుజం మీంచి తొంగి చూసి, "ఏమిట్రా అది, వినాయకచవితి పందిరా?" అంది.

హెడ్‌సెట్‌లో బావమరిది పడీపడీ నవ్వుతున్నాడు. నేను విసుక్కుంటే అన్నాడు: "ఏంటి బావా, మీ హైదరాబాద్‌లో చావుకి తీన్మార్ కొట్టరా? వీడూ అంతే అనుకో."

ఆ మాటకి అప్పుడు నా దగ్గర జవాబు లేదు. మూడు వారాలు నమిలాక ఇప్పుడు రాస్తున్నాను.

నిజమే, మా దగ్గర చావుకి డప్పు కొడతారు. చిందులేస్తారు, పటాకులు కాలుస్తారు, పూలు చల్లుతారు. పక్క దేశంవాడు చూస్తే పెళ్లి ఊరేగింపనుకుంటాడు. కానీ ఊళ్లో పెరిగినవాడికి డప్పు దూరం నుంచి వినపడగానే తెలిసిపోతుంది. పెళ్లికి ఒక దరువు, జాతరకి ఒక దరువు, చావుకి ఒక దరువు. గట్టిగా ఉండటం దాని తప్పు కాదు, రంగులుండటం తప్పు కాదు. ఆ చోటుకి అది చెందుతుందా లేదా అన్నదే లెక్క. దళపతి సొంత ఊళ్లో చావుకి గులాబీ గుర్రాలు తోలే ఆచారం ఉందని ఆ కథ నాకు ముందే చెప్పి ఉంటే, ఆ గుర్రాన్ని చూసి నేను కూడా కళ్లు తుడుచుకునేవాణ్ణి.

దీనికి మన పెద్దలు ఎప్పుడో పేరు పెట్టారు. ఔచిత్యం. పదకొండో శతాబ్దపు కాశ్మీరు పండితుడు క్షేమేంద్రుడు ఆ మాటని వివరించడానికి నగల్నే తీసుకున్నాడు. వడ్డాణం మెడలో, హారం నడుముకి, అందెలు చేతులకి, భుజకీర్తులు కాళ్లకి పెట్టుకుని వస్తే చూసినవాళ్లు నవ్వరా అని అడిగాడు. నగలు మంచివే, బంగారం అసలుదే, చోటే తప్పు. ఆన్‌లైన్ ఆటల స్కిన్‌ల గురించి, అంటే పాత్రకో గుర్రానికో తొడిగే పైరూపాల గురించి, ఇంతకంటే సూటిగా చెప్పినవాళ్లని నేను ఇంటర్నెట్‌లో చూడలేదు.

"డ్రాగన్లు ఎగిరే లోకంలో నీకు గుర్రం రంగు అడ్డమొచ్చిందా?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. హనుమంతుడు సముద్రం మీదుగా ఎగిరి లంకకి పోయాడంటే ఊరంతా చేతులు జోడించి వింటుంది. స్కూటరెక్కి పోయాడంటే నవ్వుతుంది. ఎగరడం కంటే స్కూటరే సాధ్యమైన పని, అయినా నమ్మకం చెడేది స్కూటర్ దగ్గరే. నమ్మదగ్గది అంటే నిజ జీవితంలో జరిగేది అని కాదు, ఆ కథ తనకి తాను పెట్టుకున్న కట్టుబాటుకి నిలబడేది. డ్రాగన్ కోసం ఆ లోకం ముందే చోటు చేసి ఉంచుతుంది. దాని గుహ ఉంటుంది, అది కాల్చిన పల్లె ఉంటుంది, దాన్ని చూసి వణికే ముసలమ్మ ఉంటుంది. గులాబీ గుర్రానికి ముందూ వెనకా ఏమీ లేదు, ఒక్క బిల్లు తప్ప.

అలాగని బలం పెంచకుండా రూపం మాత్రం మార్చే కాస్మెటిక్స్ అంటేనే పడనివాణ్ణని అనుకోవద్దు. అసలు అవి వచ్చిందే కంటికి ఇంపు కోసం. 2007లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటకి బర్నింగ్ క్రూసేడ్ అనే విస్తరణ (కొత్త భాగం) వచ్చినప్పుడు ఆడినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. దొరికిన కవచంలో బలం ఎక్కువుంటే అది తొడగాల్సిందే, రంగు చూసుకునే వీలు లేదు. ఊదా భుజాలు, ఆకుపచ్చ లాగు, నారింజ రంగు టోపీ. మహా యోధులంతా సర్కస్ బఫూన్లలా తిరిగేవాళ్లు. ఆటగాళ్లు దానికి బఫూన్ సూట్ అనే పేరే పెట్టారు. ఒక కవచం బలాన్ని ఉంచుకుని ఇంకో కవచం రూపాన్ని చూపించే ట్రాన్స్‌మాగ్ 2011 చివర్లో ఆ ఆటకి వచ్చినప్పుడు, అది లోకాన్ని చెడగొట్టలేదు, బాగుచేసింది. పైగా ప్లేట్ (ఇనుప పలకల కవచం) వేసుకునేవాడు ప్లేట్ రూపమే వాడాలి, తోలు వేసుకునేవాడు తోలు రూపమే వాడాలి అని నియమం పెట్టారు. దూరం నుంచి చూస్తే ఎదుటివాడు యుద్ధం చేసేవాడా, దొంగచాటుగా పొడిచేవాడా అన్నది తెలిసిపోయేది. ఫైనల్ ఫాంటసీ 14 అనే ఇంకో ఆటలో ఇలాంటిదే గ్లామర్ వ్యవస్థ 2014లో వచ్చింది. అక్కడ గంటల తరబడి బట్టలు సర్దుకునేవాళ్లని నేనెరుగుదును. వాళ్లని చూస్తే నాకు ముచ్చటే. పల్లెటూరి వైద్యురాలిలా, ఓడ దిగిన వర్తకుడిలా ముస్తాబై బజారులో నిలబడతారు, ఆ బజారు ఇంకా నిజమవుతుంది.

అంటే బట్ట మార్చుకోవడంతో నాకు పేచీ లేదు. కొని తెచ్చుకున్న వెలుగుతోనే ఉంది.

ఈ విషయంలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది మేక. లార్డ్ ఆఫ్ ది రింగ్స్ ఆన్‌లైన్ అనే ఆట 2007 ఏప్రిల్‌లో మొదలైంది, తర్వాతి ఏడు నవంబరులో మోరియా గనులు తెరిచారు. కొండ కింద చీకటి నగరం, వంతెనలు, అంతులేని మెట్లు. అంతదాకా ఆటగాళ్లు ముద్దుగా పెంచుకున్న గుర్రాలన్నీ బయటే ఉండిపోవాలి. లోపల సవారీ చెయ్యాలంటే మేక ఎక్కాలి. గనుల్లో, రాతి మెట్ల మీద గుర్రం ఎలా నడుస్తుంది మరి? డబ్బు పెట్టి, నెలలు పాటుపడి సంపాదించిన గుర్రాన్ని ఎక్కనివ్వకపోతే ఆటగాళ్లు గోల పెడతారని తయారుచేసినవాళ్లకి తెలియక కాదు. అయినా పెట్టారు. ఆ మేక ఎక్కిన ప్రతివాడికీ, తాను కొండ లోపల ఉన్నానన్న సంగతి కాళ్లకింద తెలుస్తూనే ఉంటుంది. ఆ ఆటలో ప్రాణం అనే కొలతే లేదు, దాని బదులు మనోధైర్యం ఉంటుంది. అది అయిపోతే చచ్చిపోరు, ఓడి వెనక్కి తగ్గుతారు. చచ్చినవాళ్లు పదే పదే లేచి రావడం ఆ లోకపు కథకి పొసగదని ఆ మాటనే మార్చేశారు. ఇంత పట్టింపున్న చోట కూడా, 2010లో ఆట ఉచితమయ్యాక స్టోరూ వచ్చింది, స్టోర్ గుర్రాలూ వచ్చాయి. డబ్బు అవసరం ఎవరికి లేదు?

డబ్బు దగ్గరికి రావాల్సిందే, తప్పదు. 2010 ఏప్రిల్‌లో వార్‌క్రాఫ్ట్ తయారుచేసిన బ్లిజార్డ్ కంపెనీవాళ్లు ఆ ఆటలో నక్షత్రాలు పొదిగిన, ఒంట్లోంచి ఆకాశం కనిపించే ఒక గుర్రాన్ని 25 డాలర్లకి అమ్మకానికి పెట్టారు. కొనడానికి ఆన్‌లైన్‌లో క్యూ కట్టినవాళ్ల సంఖ్య లక్షా నలభై వేలు దాటింది. మరునాటికి ఆటలోని రాజధానుల్లో ఎక్కడ చూసినా అదే గుర్రం. ఆటగాళ్లు దానికి తళుకుల గుర్రప్పిల్ల అని పేరు పెట్టి ఎగతాళి చేశారు, ఎగతాళి చేస్తూనే కొన్నారు. గమనించాల్సిందేమిటంటే, అది ఉచిత ఆట కాదు. నెలకి 15 డాలర్లు చందా కట్టే ఆట. గిల్డ్ వార్స్ 2లా చందా లేని ఆటనో, 2015లో చందా తప్పనిసరి కాదన్న ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్‌నో చూపించి "స్కిన్‌లు అమ్మకపోతే సర్వర్ ఖర్చు ఎక్కణ్ణుంచి వస్తుంది" అంటే నేను ఒప్పుకుంటాను. చందా తీసుకుంటూ, విస్తరణకి వేరే డబ్బు తీసుకుంటూ, ఆ పైన గుర్రం కూడా అమ్మేవాళ్ల నోట ఆ మాట వస్తే మాత్రం ఒప్పుకోను. 2024లో అదే ఆటలో 90 డాలర్లకి ఒక బ్రహ్మాండమైన డైనోసార్‌ని పెట్టారు. దాని వీపు మీద వేలం దుకాణమూ ఉత్తరాల పెట్టే ఉంటాయి. ఇల్లంత జంతువు. అది వచ్చి నిలబడితే కింద ఉన్న మనిషి కనపడడు.

ఇంకో సంగతి. 2019లో అదే కంపెనీ పాత వార్‌క్రాఫ్ట్‌ని క్లాసిక్ పేరుతో మళ్లీ తెరిచింది. ట్రాన్స్‌మాగ్ లేదు, స్టోర్ గుర్రాలు లేవు. ఒకడి ఒంటిమీద కవచం చూస్తే వాడు ఏ గుహలో ఎవరిని కొట్టి తెచ్చుకున్నాడో చెప్పెయ్యొచ్చు, చాలామంది వెతుక్కుంటూ వచ్చింది దానికోసమే. రెండేళ్లు తిరక్కుండానే, 2021లో బర్నింగ్ క్రూసేడ్ క్లాసిక్‌తో పాటు 70 డాలర్ల డీలక్స్ ప్యాకు, అందులో ఒక మెరిసే మౌంటు, అంటే ఎక్కి తిరిగే జంతువు. ఆటగాళ్లు ఏం చేశారంటే, ఆ మౌంట్ ఎక్కినవాడు కనపడగానే ఉమ్మే ఇమోట్ (పాత్ర చేత చేయించే సైగ) కొట్టారు. "ఫలానావాడు నీ మీద ఉమ్మాడు" అని చాట్‌లో బారులు బారులుగా వచ్చేది. చివరికి కంపెనీ ఎదుటివాణ్ణి గురిపెట్టి ఉమ్మే వీలునే తీసేసింది. మౌంట్‌ని మాత్రం ఉంచింది.

ఉమ్మినవాళ్లతో నేను లేను. ఆ పని రోతగా ఉంది. పైగా గురి తప్పిన ఉమ్ము అది, అమ్మినవాణ్ణి వదిలి కొన్నవాడి మొహాన పడింది. ఆ కోపం ఎక్కణ్ణుంచి పుట్టిందో మాత్రం నాకు అర్థమవుతుంది. ఎందుకంటే నేనూ కొన్నాను.

అవును. ఒప్పుకోకపోతే ఈ వ్యాసం రాసే అర్హత నాకు లేదు. పోయినేడు ఒక రాత్రి, ఆఫీసులో ఒళ్లు మండిన రోజు, రెండు వేల వంద రూపాయలు పెట్టి నీలి మంటల తోడేలు మౌంట్ కొన్నాను. కొన్న వెంటనే నాకు ఆ ఆటలో ఎంతో ఇష్టమైన అడవికి పోయాను. రాత్రిపూట ఆ అడవి నిజంగా భయం పుట్టిస్తుంది. దారి కనపడదు. చెట్ల మొదళ్లలో మెరిసే పుట్టగొడుగుల్ని గుర్తుపట్టుకుంటూ పోవాలి. రెండు పుట్టగొడుగుల మధ్య ఉండే ఆ పది అడుగుల చీకట్లో ఏదో ఊపిరి తీస్తున్నట్టు చప్పుడు. తోడేలెక్కి లోపలికి పోయేసరికి చెట్లన్నీ నీలంగా వెలిగిపోయాయి. బెరడు మీద గీతలు, వెనకాల అతుకులు పడ్డ రాయి, అన్నీ కనిపించాయి. పుట్టగొడుగులు ఎక్కడున్నాయో వెతుక్కోవాల్సి వచ్చింది. చీకటి పొదల్లో దాక్కుని ఊపిరి తీసే ఆ జంతువు బయటపడింది. దాన్ని మొదటిసారి పూర్తిగా చూశాను. పంది. మామూలు పంది. కదిలే పెట్రోల్ బంకు వేసుకుని అడవికి వచ్చినట్టుంది నా పని.

సరే, అడవికి పనికిరాకపోతే ఊళ్లోకైనా పనికొస్తుందని రాజధానికి తీసుకెళ్లి బావి దగ్గర నిలబెట్టాను. అప్పుడు తెలిసింది నేను దేనికి డబ్బు కట్టానో. నా తోడేలు నాకు వెనక నుంచే కనపడుతుంది. దాని మొహం, కోరల మధ్య మంట, కళ్లల్లో నిప్పు, కొనేముందు స్టోర్ బొమ్మలో చూసి మురిసిపోయినవన్నీ ఎదురుగా వచ్చేవాళ్లకోసం. నేను పది నిమిషాలు నిలబడ్డాను. ఒక్కడు కూడా ఆగి చూడలేదు. ఎందుకు ఆగుతారు? నా పక్కన ఒక మెరుపుల సింహం, ఒక ఎగిరే సింహాసనం, ఒక అగ్గి రథం ఉన్నాయి. ఒక్కొక్కరం ఒక్కొక్క పెట్రోమాక్స్ లైటు నెత్తిన పెట్టుకుని, ఎవరి వెలుగు ఎవరికీ కనపడకుండా నిలబడ్డాం.

స్టోర్‌లో అమ్మే సరుకు గుర్రం అని మనం అనుకుంటాం. నిజానికి అక్కడ అమ్ముడుపోతున్నది పక్కవాడి కన్ను. నా బట్ట నీకు దృశ్యం, నీ బట్ట నాకు దృశ్యం. అందరికీ చెందిన ఆ దృశ్యంలోంచి ముక్క కోసి ఒకడికి అమ్ముతున్నారు, మిగతావాళ్లని అడక్కుండా. రోడ్డుకి ఎదురుగా హోర్డింగ్ అద్దెకిచ్చినట్టే. "నీకెందుకు, నా డబ్బు, నా ఇష్టం" అనే మాట అందుకే నా చెవికి ఎక్కదు. నీ ఇంట్లో నువ్వొక్కడివే ఆడుకునే ఆటలో నీ గుర్రానికి ఏం తొడిగినా నేను అడగను. 2006లో ఆబ్లివియన్ అనే ఒంటరి ఆటకి గుర్రపు కవచం రెండున్నర డాలర్లకి అమ్మితే లోకమంతా నవ్వింది గానీ, దానివల్ల నష్టపోయింది కొన్నవాడి జేబు ఒక్కటే. ఆన్‌లైన్‌లో అలా కాదు, నువ్వు డబ్బు కడితే నేను చూడాలి.

ఈ లెక్క అర్థమయ్యాక, "మిగతావాళ్ల స్కిన్‌లు నాకు కనపడకుండా ఒక బటన్ పెట్టండి" అని ఆటగాళ్లు ఎన్నేళ్లు మొత్తుకున్నా అది అంత సులువుగా ఎందుకు రాదో కూడా తెలిసింది. బటన్ పెట్టడం కష్టమేమీ కాదు. ఫైనల్ ఫాంటసీ 14లో పోరాటపు మెరుపులు నావి, నా జట్టువి, పరాయివాళ్లవి విడివిడిగా పూర్తిగానో కొద్దిగానో చూపించమనొచ్చు, అసలు వద్దనొచ్చు. గిల్డ్ వార్స్ 2లో ఆటగాళ్లు ఒకరితో ఒకరు తలపడే చోట ప్రత్యర్థుల్ని మామూలు రూపాల్లో చూపించే ఏర్పాటు ఉంది. అదే గిల్డ్ వార్స్ 2లో ది డ్రీమర్ అనే విల్లు ఉంది. బాణం వదిలితే బాణం పోదు, ఇంద్రధనుస్సు తోకతో గుర్రప్పిల్ల సకిలిస్తూ పోతుంది. యాభై మంది ఒక డ్రాగన్ మీద పడ్డప్పుడు ఆ సకిలింపుల్లో డ్రాగన్ ఏ కాలు ఎత్తిందో ఎవడికి కనపడుతుంది? గెలుపోటములు ఉన్న చోట బటన్ పెట్టారు, ఎందుకంటే అక్కడ చూపు మందగిస్తే ఆట అన్యాయమవుతుంది. శవయాత్ర దగ్గర ఎవరూ ఓడిపోరు కదా, అక్కడ ఎందుకనుకున్నారు.

కానీ ఆ బటనే నా కోరిక కూడా అనుకుంటే పొరపాటు. మొదట్లో అదే అనుకున్నాను. తర్వాత ఊహించి చూశాను. నేను బటన్ నొక్కేశాను, మా బావమరిది నొక్కలేదు. వాడు దేన్నో చూసి నవ్వుతుంటాడు, నాకు ఖాళీ వంతెన కనిపిస్తుంది. ఒకే లోకంలో కలుసుకోవడానికి పొద్దున్నే లేచి, రెండు వేరే లోకాల్లో కూర్చున్నట్టు. కథ ఘట్టం వచ్చినప్పుడు ఎవరికి వారికి విడి గది ఇచ్చేయడం ఇంకో దారి, చాలా ఆటలు చేస్తున్నదే. దాంతో లోకం ఖాళీ అయిపోతుంది. దళపతి పాడె వెనక నేనొక్కణ్ణే నడవడానికి ఆన్‌లైన్ ఆట ఎందుకు?

మళ్లీ ఆ మేక దగ్గరికే వచ్చాను. వెలుగులు వద్దని ఆటగాడికి చెప్పాల్సిన అవసరం లేదు, చోటే చెప్పాలి. ఇంటి కప్పు కిందికి పోగానే మౌంట్ దానంతటదే మాయమయ్యే ఏర్పాటు వార్‌క్రాఫ్ట్‌లో మొదటినుంచీ ఉంది. ఎవరూ తమ హక్కు పోయిందని ఏడవలేదు. అదే పద్ధతిలో ఒక వంతెనకి, ఒక శ్మశానానికి, ఆ చీకటి అడవికి హద్దు గీస్తే చాలు. లోపలికి వస్తే దిగి నడవాలి, ఒంటిమీద మంటలు అవే ఆరిపోతాయి, బయటికి పోగానే మళ్లీ అంటుకుంటాయి. స్టోర్‌కి పైసా నష్టం లేదు. రాజధాని బావి దగ్గర అగ్గి రథాలన్నీ బారులు తీరనివ్వండి, అది తిరనాళ్ల చోటే అనుకుంటాను. తిరనాళ్లలో రంగుల రాట్నం ఉండాల్సిందే.

డయాబ్లో 3లో ఈ సంగతి ఎంత బాగా చేశారో గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. 2008లో ఆ ఆట మొదటి బొమ్మలు బయటపెట్టినప్పుడు పాత అభిమానులు మండిపడ్డారు. నరకం గురించిన ఆటలో ఇన్ని రంగులేమిటి, ఇంద్రధనుస్సేమిటి అని సంతకాల పిటిషన్లు పెట్టారు. 2012లో ఆట వచ్చింది. అందులో ఒక రహస్య లోకం దాచారు. గులాబీ మేఘాలు, నవ్వే పూలు, టెడ్డీబేర్లు, చంపడానికి వచ్చే ఒంటికొమ్ము గుర్రాలు. పేరు విమ్సీషైర్. అందులోకి పోవాలంటే ఒక కర్ర తయారుచేసుకోవాలి, ఆ కర్రకి కావలసిన సరుకుల్లో సీసాడు ద్రవ ఇంద్రధనుస్సు కూడా ఒకటి. అది వెతికి పట్టుకోవడానికి జనం రోజుల తరబడి తిరిగారు. వెటకారమే, ఒప్పుకుంటాను. కానీ ఆ వెటకారానికి ఒక తలుపు ఉంది. ఇంద్రధనుస్సు కావలసినవాడు వెతుక్కుని అక్కడికి పోతాడు, అది వచ్చి నరకంలో ఉన్నవాడి నెత్తిన కూర్చోదు.

ఈ వాదనంతా విని బావమరిది ఇంకో రాయి విసిరాడు. "పద్యనాటకాల్లో యుద్ధంలో చచ్చిపోయినవాడు ఒన్స్ మోర్ అనగానే లేచి పద్యం పాడి మళ్లీ చచ్చిపోయేవాడని మీ నాన్నగారే చెప్పారు కదా బావా. అప్పుడు ఏ మాయ చెదిరింది?" పెద్ద రాయే. ఆ నాటకాలకి నాన్న చాప చంకన పెట్టుకుని పోయి తెల్లవార్లూ చూసినవాడు. పద్యం మళ్లీ విని, చచ్చినవాడు రెండోసారి చచ్చినప్పుడు కూడా ఏడ్చేవాడట. మనవాళ్లకి మాయ చెదిరినా మళ్లీ అతుక్కుంటుంది, ఆ ఓపిక మనకి ఎక్కువ, అది నిజం. కానీ ఒన్స్ మోర్ అన్నది ఎవరు? పందిరంతా. వాళ్లు అడిగారు, అతను లేచాడు. ముందు వరసలో ఒక ఆసామి డబ్బు కట్టి స్టేజీ ఎక్కి, శవం పక్కన నిలబడి మొహం మీద టార్చిలైటు వేసుకుంటే? నాన్నే లేచి చెప్పు విసిరేవాడు.

ఆసామి అన్నాను గానీ, ఆ రోజు ఆ కుందేలు చెవులవాడి గురించి ఒక సంగతి ఇంతసేపూ దాచాను, వాదన బలంగా ఉంటుందని. వాడు క్వెస్ట్ (ఆట అప్పగించిన పని) పూర్తిచేసుకోవడానికే అక్కడికి వచ్చాడు. కూతురు మాటలు ముగిశాక వెంటనే పోలేదు. గుర్రం దిగాడు. దిగగానే ఆ వెలుగంతా పోయి వాన మళ్లీ వానలా కనిపించింది. పాడె వైపు తిరిగి, ఈత లాగు, కుందేలు చెవులతోనే, వంగి దణ్ణం పెట్టే ఇమోట్ కొట్టాడు. వంగి చాలాసేపు లేవలేదు. నాలాగే ఆ ముసలి దళపతి వెనక నెలల తరబడి తిరిగినవాడే అయ్యుంటాడు. మేం కూడా పక్కన నిలబడి వంగాం. తర్వాత వాడు లేచి, మళ్లీ గుర్రమెక్కి, నక్షత్రాలు రాల్చుకుంటూ పోయాడు.

వాడి మీద నాకేం కోపం లేదు. దిగి నడవాల్సిన చోటు ఇదీ అని ఎవరైనా చెప్పి ఉంటే, వాడు మొదటే దిగి ఉండేవాడు. నా తోడేలు ఇప్పుడు కొట్టంలో ఉంది, ఆ అడవికి మళ్లీ నడిచే పోతున్నాను. ఆ పంది ఊపిరి తీసినప్పుడల్లా అది పంది అని తెలిసినా ఒళ్లు జలదరిస్తూనే ఉంది.

మొన్న శనివారం దళపతి కూతురు మాటలు వినడానికి బావమరిది రెండో పాత్రతో ఆ కథని మళ్లీ అక్కడిదాకా తెచ్చాం. వాడు ఈమధ్యే ఎగిరే సింహాసనం ఒకటి కొన్నాడు, నాలుగు వైపులా మెరుపులు, కింద ఉరుము శబ్దం. వంతెన మలుపు దగ్గరికి వచ్చేసరికి ఉరుము ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే సింహాసనం లేదు, వానలో ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"దిగాను బావా," అన్నాడు హెడ్‌సెట్‌లో. "చెప్పులు కూడా ఇక్కడే విప్పాలా?"